విద్యాలయాల వార్తల్లో పక్షపాతం: ఆదోని మెడికల్ కాలేజీ చెప్పే పాఠం

ఒకే సంఘటనను రెండు పత్రికలు రెండు తీరుల్లో రాసినప్పుడు, ఏది నిజానికి దగ్గరగా ఉందో తేల్చుకునే పని పాఠకుడి మీద పడుతుంది. విశ్వవిద్యాలయాలు, కాలేజీల చుట్టూ రేగే వివాదాల్లో ఈ పని మరీ కష్టం. అక్కడ విద్యార్థి సంఘాల వెనుక పార్టీలు, వైస్ చాన్సలర్ల నియామకం వెనుక ప్రభుత్వాలు, భూముల వెనుక డబ్బు ఉంటాయి. వార్త రాసే పత్రికకూ ఏదో ఒక పక్షంతో అనుబంధం ఉండవచ్చు. ఈ పొరలన్నీ దాటి అసలు విషయం పట్టుకోవడానికి కొన్ని పద్ధతులున్నాయి. అవి నేర్చుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు పాఠకులకు ఇందుకు కళ్ల ముందే ఒక ఉదాహరణ ఉంది. అది ఆదోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ.

ఒక కాలేజీ, రెండు కథలు

కర్నూలు మెడికల్ కాలేజీ 1950లలో మొదలైంది. ఆదోని నుంచి అక్కడికి సుమారు 100 కిలోమీటర్లు. పెద్ద జబ్బు చేస్తే ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, మంత్రాలయం ప్రాంతాల జనం కర్నూలు పెద్దాసుపత్రికో, పొరుగు రాష్ట్రంలోని బళ్లారికో పరుగు తీయాలి. అందుకే ఆదోనికి మెడికల్ కాలేజీ వస్తుందన్న మాట ఇక్కడ ఎంతో ఆశ రేపింది.

వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం రాష్ట్రంలో 17 కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తలపెట్టింది. ఆదోని వాటిలో ఒకటి. 2021 మే 31న ఒకేరోజు 14 కాలేజీలకు శంకుస్థాపన జరిగింది. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కాలేజీల్లో తరగతులు మొదలయ్యాయి. ఆదోని వంతు రాకముందే 2024లో ప్రభుత్వం మారింది. 2025 సెప్టెంబరులో తెలుగుదేశం కూటమి మంత్రివర్గం 10 కాలేజీలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో, అంటే పీపీపీ పద్ధతిలో పూర్తి చేయాలని నిర్ణయించింది. మొదటి విడతలో ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల ఉన్నాయి. ప్రతిపక్షం దీన్ని ప్రైవేటీకరణ అని ఖండించి కోటి సంతకాల ఉద్యమం నడిపింది. యాజమాన్యం తమ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఇది ప్రైవేటీకరణ కాదని, ఇలాగైతేనే పనులు త్వరగా పూర్తవుతాయని ప్రభుత్వం వాదించింది.

ఇంతవరకూ ఉన్నది ఎవరూ కాదనని సమాచారం. పక్షపాతం ఈ సమాచారాన్ని పేర్చే తీరులో మొదలవుతుంది.

పేరు పెట్టడంలోనే మొగ్గు

మొదట చూడాల్సింది పత్రిక వాడే పేరు. ‘ప్రైవేటీకరణ’ అని రాసే పత్రిక ప్రతిపక్షం మాటను తన మాటగా చేసుకుంటోంది. ఏ వివరణా లేకుండా ‘పీపీపీ’ అని మాత్రమే రాసే పత్రిక ప్రభుత్వం మాటను తన మాటగా చేసుకుంటోంది. నిష్పక్షపాతంగా రాసే విలేకరి ఒప్పందంలో ఏముందో ముందు చెబుతాడు. ఆస్తి ఎవరి పేరిట ఉంటుంది, నిర్వహణ ఎవరిది, 33 ఏళ్ల గడువు ఏమిటి, దాన్ని మరో 33 ఏళ్లు పొడిగించే వీలు ఎందుకు పెట్టారు, సీట్లలో ఎన్ని కన్వీనర్ కోటాకు వెళతాయి అన్నవి వివరించి, ఆ తర్వాత రెండు పక్షాలూ దాన్ని ఏమని పిలుస్తున్నాయో రాస్తాడు.

2025లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలి భూముల గొడవలోనూ ఇదే జరిగింది. 400 ఎకరాలను తెలంగాణ ప్రభుత్వం వేలం వేయడానికి సిద్ధపడి చెట్లు కొట్టించడం మొదలుపెట్టగా హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డుకున్నారు. ‘యూనివర్సిటీ భూమి’ అని రాసిన వార్త చదివితే ప్రభుత్వం ఆక్రమణదారుగా కనిపిస్తుంది. ‘ప్రభుత్వ భూమి’ అని రాస్తే విద్యార్థులు అడ్డుపుల్లలు వేస్తున్నట్టు కనిపిస్తుంది. రెండు మాటల మధ్య సుదీర్ఘమైన చరిత్ర ఉంది. 1970లలో విశ్వవిద్యాలయానికి సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. 2003లో అందులోంచి 400 ఎకరాలను అప్పటి ప్రభుత్వం ఒక క్రీడా సంస్థకు ఇచ్చింది. 2006లో తర్వాతి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. ఏళ్ల తరబడి నడిచిన కేసు 2024లో రాష్ట్ర ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. అయితే సరిహద్దులు ఇంకా ఖరారు కాలేదని విశ్వవిద్యాలయం చెప్పింది. ఈ నాలుగైదు వాక్యాలు చెప్పకుండా ఏ పేరు వాడినా అది తీర్పు చెప్పడమే అవుతుంది.

వదిలేసిన వాక్యం

అచ్చయినదాన్ని తప్పుపట్టడం తేలిక, అచ్చుకానిదాన్ని గుర్తించడం కష్టం. పక్షపాతం ఎక్కువగా దాక్కునేది అక్కడే.

మెడికల్ సీట్ల సంగతే తీసుకోవచ్చు. 2023 జులైలో వచ్చిన 107, 108 జీవోల ప్రకారం, కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో అఖిల భారత కోటా పోగా మిగిలిన సీట్లలో సగమే సాధారణ ఫీజుకు దక్కుతాయి. 35 శాతం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, 15 శాతం ప్రవాసుల కోటా సీట్లకు 20 లక్షలు కట్టాలి. ఆ జీవోలు తెచ్చింది వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం. అప్పట్లో వాటిని గట్టిగా వ్యతిరేకించింది తెలుగుదేశం. పేదల సీట్లు పోతున్నాయని నేడు రాసే పత్రిక 2023 నాటి ఈ జీవోలను ప్రస్తావించకపోతే సగం నిజమే చెప్పినట్టు. ఆ జీవోలను ఎత్తిచూపే పత్రిక, వాటిని వ్యతిరేకించిన పార్టీ అధికారంలోకి వచ్చాక ఏం చేసిందో రాయకపోతే అదీ సగం నిజమే. డాక్టరు కావాలని కలగనే ఆదోని అమ్మాయికి ఆ రెండు సగాలూ కావాలి.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనేవాళ్లు పైపొర చూసి ధర చెప్పరు. కుప్పలో చెయ్యి పెట్టి లోపలి పత్తి తీసి, పింజ పొడవు, తేమ చూస్తారు. వార్తలో లోపలి పొర అంటే పాత జీవో, పాత హామీ, పాత కోర్టు తీర్పు.

ఎవరి గొంతు వినిపిస్తోంది?

మూడో పరీక్ష వార్తలో మాట్లాడిన మనుషులను లెక్కపెట్టడం. విద్యాలయ వివాదం మీద వచ్చే చాలా వార్తల్లో మంత్రి, మాజీ మంత్రి, పార్టీ అధికార ప్రతినిధి మాట్లాడతారు. విద్యార్థి, అధ్యాపకుడు, ఆసుపత్రికి వచ్చిన రోగి కనబడరు. ఒక పక్షం మాట పది వాక్యాలు నడిచి, అవతలి పక్షం మాట చివర్లో ‘ఆరోపణలను ఆయన ఖండించారు’ అన్న ఒక్క వాక్యంతో ముగిస్తే, రెండు పక్షాలూ ఉన్నట్టు కనిపించినా తూకం సరిగా లేదు.

కొన్ని గొంతులే వినిపిస్తే అసలు ప్రశ్న ఎలా మరుగునపడుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నాడు. అంబేడ్కర్ విద్యార్థి సంఘానికి, ఏబీవీపీకి మధ్య 2015 ఆగస్టులో జరిగిన గొడవ, రోహిత్ సహా అయిదుగురు విద్యార్థుల మీద చర్య, వాళ్లను హాస్టల్ నుంచి పంపేయడం, కేంద్ర మంత్రి బండారు దత్తాత్రేయ లేఖ, మానవ వనరుల శాఖ ఉత్తరాలు అన్నీ ఆ మరణానికి ముందు జరిగాయి. ఆ తర్వాత చర్చ చాలాచోట్ల అతని కులం ఏమిటన్న ప్రశ్న వైపు మళ్లింది. కేంద్రం నియమించిన రూపన్‌వాల్ కమిషన్ అతను దళితుడు కాదంది. తెలంగాణ పోలీసులు కేసు మూసివేత నివేదికలోనూ అదే రాయగా, 2024 మేలో నిరసన రావడంతో తిరిగి దర్యాప్తు చేస్తామని డీజీపీ ప్రకటించారు. కులం ప్రశ్న ముఖ్యమైనదే. కానీ క్యాంపస్‌లో ఆ విద్యార్థులకు ఏం జరిగిందన్న మొదటి ప్రశ్నను అది మింగేస్తే, వార్త ఎవరికో మేలు చేసినట్టే. తల్లి మాట, తోటి విద్యార్థుల మాట, అవతలి సంఘం మాట, అధికారుల మాట నాలుగూ వినిపించిన కథనాలే కాలానికి నిలిచాయి.

ఫొటో, వీడియో

చూసినదాన్ని మనిషి వెంటనే నమ్ముతాడు. అందుకే నాలుగో పరీక్ష దృశ్యాలకు. 2016 ఫిబ్రవరిలో ఢిల్లీలోని జేఎన్‌యూ విశ్వవిద్యాలయంలో దేశ వ్యతిరేక నినాదాలు చేశారన్న వివాదంలో కొన్ని వీడియోలు టీవీల్లో పదేపదే తిరిగాయి. ఢిల్లీ ప్రభుత్వం విచారణలో భాగంగా ఏడు వీడియోలను హైదరాబాద్‌లోని ట్రూత్ ల్యాబ్స్‌తో పరీక్ష చేయించగా రెండింటిలో మార్పులు చేసినట్టు తేలింది. అప్పటికే దేశం తీర్పు చెప్పేసింది.

కంచ గచ్చిబౌలి వివాదంలో కృత్రిమ మేధతో తయారైన జింకలు, నెమళ్ల చిత్రాలు సామాజిక మాధ్యమాల్లో తిరిగాయి. అవి నకిలీవని ప్రభుత్వం చెప్పింది, కేసులూ పెట్టింది. అయితే నకిలీ చిత్రం ఉన్నంత మాత్రాన చెట్లు కొట్టడం అబద్ధం కాలేదు. సుమారు 100 ఎకరాల్లో పచ్చదనం నాశనమైందని హైకోర్టు రిజిస్ట్రార్ నివేదిక ఇవ్వగా, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. నకిలీ చిత్రాన్ని నమ్మడం ఒక తప్పు, దాన్ని సాకుగా చూపి అసలు నష్టాన్ని కొట్టిపారేయడం ఇంకో తప్పు.

ప్రభుత్వం మారినప్పుడు పత్రిక మారిందా?

అన్నిటికన్నా గట్టి పరీక్ష ఇది. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో స్థాపించింది. తర్వాత దానికి ఆయన పేరే పెట్టారు. 2022 సెప్టెంబరు 21న శాసనసభ దాన్ని వైఎస్సార్ పేరిట మార్చింది. 2024లో కొత్త ప్రభుత్వం మళ్లీ ఎన్టీఆర్ పేరు తెచ్చింది. రెండు సందర్భాల్లోనూ జరిగిన పని ఒకటే, చట్టంతో పేరు మార్చడం. మొదటిదాన్ని అన్యాయమని, రెండోదాన్ని ఘనకార్యమని రాసిన పత్రికకూ, దానికి తిరగేసి రాసిన పత్రికకూ కొలబద్ద ఒక్కటి కాదు, రెండు ఉన్నాయి. ఈ పరీక్ష ఎవరైనా చేయవచ్చు. ఏడాది, రెండేళ్ల తేడాతో వచ్చిన రెండు కథనాలు పక్కపక్కన పెట్టి, పార్టీల పేర్లు చేత్తో మూసి చదివితే చాలు.

పత్రిక యాజమాన్యం తెలిస్తే ఏ విషయంలో జాగ్రత్తపడాలో తెలుస్తుంది. సాక్షిని 2008లో వైఎస్ జగన్మోహన్ రెడ్డి స్థాపించారు. రామోజీరావు 1974లో మొదలుపెట్టిన ఈనాడు 1983 ఎన్నికల్లో తెలుగుదేశానికి అండగా నిలిచింది. ప్రజాశక్తి సీపీఎంది, విశాలాంధ్ర సీపీఐది. ఈ అనుబంధం కొత్తదీ కాదు. 1937 నవంబరు 16న రాయలసీమ, కోస్తా నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నది ఆంధ్రపత్రిక స్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లోనే. ఆయన కాంగ్రెస్ నాయకుడు కూడా. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్నది ఆ ఒడంబడికలో ఒక అంశం. అంటే సీమ చదువుల కోసం జరిగిన ఆ పోరులోనూ పత్రిక, రాజకీయం ఒకే గడపలో ఉన్నాయి.

అయితే యజమాని ఎవరో తెలిసినంత మాత్రాన వార్త తప్పని తేలదు. ప్రతిపక్షానికి దగ్గరి పత్రికే ప్రభుత్వం దాచిన లోపాన్ని తవ్వి తీస్తుంది. ప్రభుత్వానికి దగ్గరి పత్రికే పాత ప్రభుత్వం తప్పును బయటపెడుతుంది. మొగ్గున్న పత్రిక చెప్పిన నిజమూ నిజమే. దాన్ని కాగితంతో, జీవోతో, కోర్టు తీర్పుతో సరిచూసుకోవాలి.

చదివేవాడి పక్షపాతం

తక్కెడ పట్టిన చెయ్యి కూడా వాలవచ్చు. 1985లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. 1982 బీరూట్ మారణకాండ మీద వచ్చిన ఒకే టీవీ వార్తలను ఇజ్రాయెల్ అభిమానులకూ, అరబ్బుల అభిమానులకూ చూపించారు. రెండు వర్గాలూ ఆ వార్తలు తమకే వ్యతిరేకంగా ఉన్నాయన్నాయి. నచ్చని వార్త కనబడగానే పక్షపాతమని తీర్మానించే ముందు పాఠకుడు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇదే ఆరోపణ, ఇంతే ఆధారంతో, అవతలి పార్టీ మీద వస్తే నమ్మేవాడినా?

ఊళ్లోనే చేయగల పని

ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య సుమారు 30 కిలోమీటర్లు. రెండు ఊళ్లలోనూ మండల విలేకరులున్నారు, జిల్లా పేజీలున్నాయి. రాష్ట్ర పేజీలో పార్టీల మాటలు నిండినా, జిల్లా పేజీలో పనులు ఎంతవరకు వచ్చాయన్న వివరం దొరుకుతుంది. రెండు భిన్న పత్రికల జిల్లా పేజీలు కలిపి చదవడం, జీవో తెచ్చుకుని చూడటం, సమాచార హక్కు చట్టం కింద కాలేజీ ఖర్చు, పనుల గడువు అడగడం, ఆదోని శివార్లకు వెళ్లి కట్టడం కళ్లారా చూడటం ఇక్కడి పాఠకుడికి సాధ్యమే. దూరపు ఊళ్ల డెస్కుల్లో శీర్షిక పెట్టేవాళ్లకు ఆ సౌకర్యం లేదు.

పత్రిక తప్పు రాసిందని ఆధారాలతో తేలితే ముందు సంపాదకుడికి రాయాలి. సవరణ రాకపోతే 1978 చట్టం కింద పనిచేసే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వాస్తవాన్ని, వ్యాఖ్యను విడివిడిగా ఉంచాలని, ఆరోపణకు గురైనవారి వివరణ ప్రచురించాలని దాని ప్రవర్తనా నియమాలు చెబుతాయి.

చివరిగా చూడాల్సింది కొనసాగింపు. వివాదం వేడిగా ఉన్నప్పుడు అందరూ రాస్తారు. వేడి చల్లారాక ఆదోని కాలేజీలో ఎన్ని సీట్లు వచ్చాయి, ఎంత ఫీజు కట్టారు, ఆసుపత్రిలో ఎన్ని పడకలు పనిచేస్తున్నాయి అని ఏ ప్రభుత్వం ఉన్నా అడుగుతూ ఉండే పత్రిక పాఠకుడి పక్షాన ఉన్నట్టు. పత్రిక ఎటు మొగ్గుతోందో తేల్చడానికి దానికి మించిన గీటురాయి లేదు.