పాత్రోచితభాష: రాచకొండ నియమము

పాత్రము రంగమున నోరు విప్పినతోడనే దాని యంతస్తు ప్రేక్షకునకు తెలియవలెనని ప్రాచీనలాక్షణికుల మతము. ఈ మతమును విపులముగా నిరూపించిన గ్రంథములలో నొకటి పూర్వపు నల్లగొండ జిల్లాలోని రాచకొండ దుర్గమున వెలసినది. 14వ శతాబ్దిలో ఆ దుర్గమునేలిన రేచర్ల సింగభూపాలుని ‘రసార్ణవసుధాకర’మే యది. అందు మూడవ విలాసమున నాటకపరిభాష భాష, నిర్దేశము, నామము అని మూడు తెగలుగా విభజింపబడినది. ఎవరే భాష మాటాడవలెను, ఎవరినేమని పిలువవలెను, ఎవరికెట్టి పేరుండవలెను అనునవి వీని విషయములు.

నిర్దేశము సులభము. రాజును భృత్యుడు ‘దేవ’ యనును, ఋషి ‘రాజన్’ అనును, విదూషకుడు ‘వయస్య’ యనును. చెలికి ‘హలా’, దాసికి ‘హంజే’, నీచకు ‘హండే’ యని అమరకోశము వల్లించిన బాలురకును తెలియును. ఒక్క సంబోధనముచేతనే యిరువురి యంతరము తేటపడును.

భాషావిషయము చిక్కైనది. ఉత్తమపురుషులకు సంస్కృతము, స్త్రీలకు ప్రాకృతము, రాక్షసపిశాచాదులకు పైశాచి యని సామాన్యనియమము. చూళికాపైశాచిలో నగరము ‘నకర’మగును, మేఘము ‘మేఖ’మగును, దామోదరుడు ‘తామోతరు’డగును. సరళములు పరుషములైనంతనే పలికినవాని మనస్సును పరుషమని శ్రోత తలచును. ఇది పొరపాటు. నియమము పదవిని తెలుపునే కాని శీలమును తెలుపదు.

భవభూతి ‘మాలతీమాధవము’ పంచమాంకమే యిందుకు సాక్ష్యము. నడురేయి శ్మశానము, ప్రేతములకు నరమాంసము నమ్మజూపు నాయకుడు, చాముండకు బలికానున్న కన్య: 1764లో వాల్పోలు వ్రాసిన ‘ఒట్రాంటో దుర్గము’తో ఇంగ్లీషువారియందు బయలుదేరిన భయానకనవలల సామగ్రి చాలవరకు ఎనిమిదవ శతాబ్దినాటి యీ ప్రకరణమున నున్నది. బలికి పూనుకొన్నవాడు కాపాలికుడగు అఘోరఘంటుడు. అతని శిష్యురాలు కపాలకుండల శ్రీపర్వతమునుండి వచ్చినది. శ్రీపర్వతమనగా శ్రీశైలము, దాని యుత్తరద్వారమని పేరొందిన ఉమామహేశ్వరము పూర్వపు మహబూబునగరు జిల్లాలో అచ్చంపేట చెంతనున్నది. కపాలకుండల ప్రవేశించుచునే గంభీరసంస్కృతమున శివుని స్తుతించును. ఏ పాపమెరుగని మాలతి ప్రాకృతమున విలపించును. తాపసస్త్రీలకు సంస్కృతము చెల్లునని శాస్త్రము సమాధానము చెప్పును. అయినను ఆ ఘట్టమునందలి భయమంతయు స్తోత్రము వెనుక కత్తి యుండుటలోనే యున్నది.

వాల్పోలు కథయందును దుష్టుడైన మాన్‌ఫ్రెడ్ ప్రభువే. సేవకుల పామరపు మాటలను ప్రభువుల మాటల సరసనుంచుట షేక్స్పియరు మార్గమని కవి 1765 నాటి పీఠికలో సమర్థించుకొనెను. ఆ సేవకులు నవ్వింతురు గాని హింసింపరు. మృచ్ఛకటికమున కన్నము వేయు శర్విలకునిది సంస్కృతము. శకారుడు సకారమును శకారముగా పలుకుట నిజమే. కాని కుంతిని రావణుని వశము చేసిన యా నోటి యజ్ఞానమును గర్వమునే శూద్రకుడు ఎత్తి చూపెను. చారుదత్తుని వధ్యభూమికి గొనిపోవుచు జాలిపడు చండాలురదియు మాగధిలోని భేదమే కదా!

ఈ వివేకము తెలుగు చలనచిత్రములయందు చిరకాలము కొరవడినది. నాయకునకు కృష్ణాగోదావరీ తీరముల పలుకుబడి, ప్రతినాయకునకును హాస్యగానికిని తెలంగాణపు యాస అనునది వాడుకయైపోయినది. 1985 నాటి ‘ప్రతిఘటన’లో దుష్టుడగు కాశయ్యది తెలంగాణపు మాటయే. నటుని నేర్పు గొప్పది, తప్పు ఆ పంపకమునది. తెలంగాణ యుద్యమకాలమున జనులు దీనినొక యవమానముగా చెప్పుకొనిరి. ‘వచ్చినాడు’లోని నకారము ‘వచ్చాడు’లో పోయినది, ‘వచ్చిండు’లో బిందువై వినబడుచున్నది. వ్యాకరణదృష్టిచే నొకదానిని శిష్టమనియు వేరొకదానిని దుష్టమనియు ననుటకు హేతువు లేదు.

2017 నాటి ‘ఫిదా’లో నాయిక యీ యాసనే మాటాడెను. 2023లో వచ్చిన ‘బలగము’న ఇంటిల్లిపాది మాట యదియే, అందు అలిగినవాడెవడో, ఆదరించినవాడెవడో యాసవలన గాక వాడు పలికిన మాటవలననే తెలియవలసి వచ్చినది.