కంటికి కనిపించేదంతా చూస్తున్నామా?

పిల్లలూ! కిందటేడు మా ఎనిమిదో తరగతివాళ్లకు సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర చూపించాను. ఒక అబ్బాయి చాలాసేపు చూసి, నల్లటి అంచులున్న గుండ్రాలు నాలుగు గీసి తెచ్చాడు. అవి గాలి బుడగలు! "కణాలు కనిపించలేదూ? కళ్లు లేవా?" అని కసిరాను. పాపం, వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికి వెళ్లి ఆలోచిస్తే, తప్పు నాదేననిపించింది. ఎందుకో చెబుతాను, వినండి.

1609 జూలైలో ఇంగ్లండులో థామస్ హారియట్ అనే గణిత శాస్త్రజ్ఞుడు దూరదర్శినితో చంద్రుణ్ణి చూసి బొమ్మ గీశాడు. వెలుగు చీకట్ల మధ్య వంకర గీత, కొన్ని మచ్చలు – అంతే. కొండలు లేవు.

ఆ ఏడాది చివర ఇటలీలో గలీలియో చూశాడు. చీకటి భాగంలో వెలుగు చుక్కలు కనిపించాయి. అవి క్రమంగా పెరిగి వెలుగు భాగంలో కలిసిపోయాయి. పొద్దుటి ఎండ ముందు కొండ శిఖరానికి తగిలి, తరువాత కిందికి దిగుతుంది కదా! చంద్రుడిమీద ఉన్నవీ కొండలేనని ఆయన గ్రహించాడు.

హారియట్ దూరదర్శిని శక్తి 6 రెట్లు. గలీలియోది దాదాపు 20 రెట్లు. కాని అదొక్కటే కారణం కాదంటారు కొందరు చరిత్రకారులు. గలీలియో చిత్రలేఖనం నేర్చినవాడు. నీడలనుబట్టి ఎత్తుపల్లాలు పోల్చగలడు. 1610లో ఆయన పుస్తకం వెలువడింది. ఆ తరువాత హారియట్ గీసిన చంద్రుడిలో గుంటలు కనిపిస్తాయి!

కంటిలోని రెటీనామీద పడేవి వెలుగునీడలు మాత్రమే. అది కొండో, మచ్చో తేల్చేది మెదడు. అందుకు తనకు ముందే తెలిసిన సంగతుల సాయం తీసుకుంటుంది.

చేసి చూడండి: కాగితంమీద ఒక గుండ్రం గీయండి. పై అంచు తెల్లగా వదిలి, కిందికి పోనుపోను పెన్సిలుతో నలుపు పెంచండి. గుట్టలా ఉంటుంది. కాగితం తలకిందులు చేయండి. గుంటలా మారుతుంది! వెలుగు పైనుంచే వస్తుందని మెదడుకు అలవాటు. ఆ అలవాటు దారి చూపుతుంది, ఒక్కోసారి దారి తప్పిస్తుంది. కాబట్టి చూసినదాన్ని మళ్లీ మళ్లీ పరీక్షించాలి.

మర్నాడు ఆ అబ్బాయిని పిలిచి, నల్లబల్లమీద ఇటుకల గోడ గీశాను. "కణాలు ఇలా పేర్చినట్టుంటాయి. ఇప్పుడు వెతుకు" అన్నాను. కొత్త ఉల్లిపొర పెట్టుకుని చూశాడు.

"మాస్టారూ, గోడ!" అని కేక పెట్టాడు. కాసేపాగి, "పక్కన బుడగ కూడా ఉందండీ" అన్నాడు.