పేదరికం చెప్పు, కులం చెప్పకు

మా విభాగంలో ఎం.ఏ. చదివిన ఒక విద్యార్థి ఈ మధ్య నన్ను చూడడానికి వచ్చి, చేతిలో విజిటింగ్ కార్డు పెట్టాడు. పేరు కింద ‘మోటివేషనల్ స్పీకర్’ అని ఉంది. ఊరు నారాయణపేట వైపు. ఏడాదిలో సగం ముంబయి వలసలో గడిపే మాదిగ కుటుంబం. గ్రూప్స్ సంగతి అడిగితే, ‘‘ఇగ ఓపిక లేదు సార్’’ అన్నాడు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్‌కు ప్రశ్నపత్రాల లీకేజీతో ఒకసారి, హైకోర్టు తీర్పుతో మరొకసారి ప్రిలిమ్స్ రద్దయ్యాయి. చివరికి 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషనే రద్దయింది. దాన్ని నమ్ముకొని అద్దె గదుల్లో వయసు కరిగించుకున్నవారిలో ఇతనొకడు. ఇప్పుడు ఇతరులకు ఆత్మవిశ్వాసం పంచే వృత్తిలోకి దిగుతున్నాడు.

ఈ వృత్తికి నోటిఫికేషన్ అక్కర్లేదు. శిక్షణ శిబిరానికి ఫీజు కట్టాలి, యూట్యూబ్ ఛానల్ తెరవాలి, పరీక్షల ముందు కళాశాలల చుట్టూ తిరిగి ఉచితంగా మాట్లాడాలి. మొదట్లో దక్కేవి శాలువాలు, మెమెంటోలు. కాస్త పేరొస్తే దారి ఖర్చులు, ఆపైన పారితోషికం. యండమూరి వీరేంద్రనాథ్, బి.వి. పట్టాభిరామ్ వంటివారు తెలుగులో వ్యక్తిత్వ వికాసానికి పాఠకులనూ శ్రోతలనూ ఎన్నడో తయారుచేశారు. అందులోకి దళిత యువకుడు అడుగుపెట్టడాన్ని నేను తక్కువ చేసి చూడను. మైకు ఎవరి చేతిలో ఉండాలన్నది మన దగ్గర ఎప్పుడూ కులప్రశ్నే.

అతని చిక్కు వేరు. తన ప్రసంగంలో తల్లి ముంబయిలో తట్ట మోసిన సంగతి చెబుతాడు; పిల్లలు కన్నీళ్లు పెట్టుకుంటారు. ఊరి హోటల్లో తాతకు వేరే గ్లాసు పెట్టిన ముచ్చట కూడా చెప్పేవాడు. ఒకచోట నిర్వాహకుడు పక్కకు పిలిచి, ‘‘తమ్మీ, పేదరికం చెప్పు, కులం చెప్పకు. పిల్లలు డిస్టర్బ్ అయితరు’’ అన్నాడట. తర్వాత ఇంకో ఇద్దరు అదే మాట అన్నారు. ‘‘గ్లాసు ముచ్చట తీసెయ్యాల్నా సార్?’’ అని అడగడానికే వచ్చాడు.

నిర్వాహకుల లెక్క నాకు అర్థమైంది. పేదరికాన్ని కష్టపడి దాటవచ్చునని కథ అల్లవచ్చు. తెల్లవారుజామున లేవడం, లక్ష్యాన్ని గోడ మీద రాసుకోవడం అందులో ఇముడుతాయి. ఆ గ్లాసు అలా ఇమడదు. దాన్ని వేరుగా పెట్టింది తాత కాదు కనుక, తాత మనసు మార్చుకున్నంత మాత్రాన అది మారదు. అసలు ‘డిస్టర్బ్’ అయ్యేది ఏ పిల్లలు? వెనుక బెంచీలో కూర్చున్న వలస కూలీల పిల్లలకు అది కొత్త సమాచారమేమీ కాదు.

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఆసుపత్రి ముందు, గర్భవతి అయిన భార్య కళ్లెదుటే పెరుమాళ్ల ప్రణయ్ హత్యకు గురయ్యాడు. అతనికి లోపించింది ఏ ఆత్మవిశ్వాసం? నల్గొండ న్యాయస్థానం 2025 మార్చిలో ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ‘అంతా నీ చేతుల్లోనే ఉంది’ అనే వాక్యాన్ని మిర్యాలగూడ కళాశాలలో పలకబోయే వక్త ఒక్క క్షణం ఆగాలి.

అలాగని ఉత్తేజపరిచే మాటకు విలువ లేదనను. 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ హరికథల ద్వారానే అస్పృశ్యుల వాడలకు చేరారు. కానీ ఆ మాట వెంబడి పాఠశాలలు వచ్చాయి, జోగిని దురాచారంపై పోరాటం వచ్చింది.

మన కాలంలో ఆలంపూర్‌లో పుట్టిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్‌ది దీనికి దగ్గరి ఉదాహరణ. 2012 నుంచి 2021 వరకు సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా, తాము ఎవరికీ తక్కువ కాదని పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించారు. ఆ ప్రతిజ్ఞ వెనుక ప్రభుత్వ ఖర్చుతో మంచం, భోజనం, ఇంగ్లిష్ మీడియం ఉన్నాయి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌లకు ముందు భువనగిరి కొండ మీద తాళ్లు, శిక్షకులు ఉన్నారు. ఒక్క ఉపన్యాసం విని ఎవరూ శిఖరం ఎక్కలేదు. ఆయన కూడా మాటతో ఆగలేక ఉద్యోగం వదిలి, 2021 ఆగస్టు 8న నల్గొండ సభలో బీఎస్పీలో చేరారు. ఆ తర్వాతి పార్టీ మార్పు మీద నాకు అభ్యంతరాలున్నాయి, అది వేరే చర్చ.

ఇప్పుడు తాడూ మంచమూ లేకుండా ఒట్టి ప్రతిజ్ఞను పిల్లలకు అమ్ముతున్నారు. నా విద్యార్థికి ఈ మాట చెప్పడం సులభం, అతనికి నెల గడవడం కష్టం. నా జీతం ఒకటో తారీఖున పడుతుంది. గ్లాసు ముచ్చట ఉంచితే పిలుపులు తగ్గుతాయని అతనికీ తెలుసు. తీసెయ్యమని నేను అనలేదు. ఉంచి తీరాలనీ అనలేకపోయాను.

వచ్చే నెల మా విభాగంలో మాట్లాడమని పిలిచాను. ముందు గ్లాసు ముచ్చట, తర్వాత గ్రూప్-1 ముచ్చట చెప్పమన్నాను. మా బడ్జెట్‌లో వక్తకు శాలువా వరకే ఉంది. దారి ఖర్చులు నా జేబులోంచి ఇస్తానన్నాను. ‘‘శాలువా వద్దు సార్, ఇంట్ల పదకొండున్నయ్’’ అన్నాడు.