మందు మంచిదే, మరి రికార్డు? క్లినికల్ డేటాపై అపోహలు – వాస్తవాలు

నాగోల్ నుంచి అమీర్‌పేటకు మెట్రో పడ్డాక బీఫార్మసీ, ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివిన మన పిల్లలకు కోచింగ్ సెంటర్లు దగ్గరయ్యాయి. క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్ కోర్సు చేస్తే నాచారంలోనో ఉప్పల్లోనో ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో రోజూ రైలెక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల మధ్య ఒక మాట బాగా నలుగుతోంది: “మందు మంచిదైతే చాలు. రికార్డులో అంకెలు అటూ ఇటూ అయితే సర్దేయొచ్చు. అందరూ చేసేదే.” ఈ మాట నమ్మి ఉద్యోగంలో చేరిన కుర్రాడు తన ఉద్యోగం పోగొట్టుకుంటాడు, లేదా ఎవరి ప్రాణం మీదికో తెస్తాడు. అందుకే ముందు దీని సంగతి తేల్చాలి.

ఇలా సర్దేస్తే ఏమవుతుందో హైదరాబాద్ ఇప్పటికే ఒకసారి చూసింది. 2014 మేలో ఫ్రాన్స్ ఔషధ నియంత్రణ సంస్థ ఇన్‌స్పెక్టర్లు జీవీకే బయోసైన్సెస్ సంస్థ హైదరాబాద్‌లో నడిపిన క్లినికల్ కేంద్రాన్ని తనిఖీ చేశారు. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో ల్యాబులున్న ఆ కంపెనీయే 2021 నుంచి అరాజెన్ పేరుతో నడుస్తోంది. జనరిక్ మందుల పరీక్షల్లో వేర్వేరు వాలంటీర్లవని ఫైళ్లలో పెట్టిన ఈసీజీల్లో కొన్ని ఒకే మనిషివని ఇన్‌స్పెక్టర్లు తేల్చారు. కనీసం ఐదేళ్లుగా ఇది సాగినట్టు కనిపిస్తోందని యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ ప్రకటించింది. ఆ కేంద్రంలో పరీక్షలు జరిగిన వెయ్యికి పైగా మందుల రూపాలను, మోతాదులను అది సమీక్షించింది. మూడు వందలకు పైగా వాటికి వేరేచోట నుంచి సరిపడా ఆధారాలు దొరికాయి. మిగిలిన దాదాపు 700 అనుమతులను నిలిపేయాలని 2015 జనవరిలో సిఫారసు చేసింది. కంపెనీ ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించింది. మన ప్రభుత్వం కూడా కంపెనీ పక్షాన నిలిచి, అదే ఏడాది ఆగస్టులో ఐరోపాతో జరగాల్సిన వాణిజ్య చర్చలను వాయిదా వేసింది. ఒక గదిలో మారిన కాగితాలు దేశాల మధ్య ఒప్పందం దాకా వెళ్లాయి.

“ఈసీజీ గుండె సంగతి. మందు రక్తంలో ఎంత చేరిందన్నది వేరే సంగతి. ఒకటి తప్పైతే రెండోది ఎందుకు చెల్లదు?” చదువుకున్నవాళ్లు కూడా ఇప్పటికీ ఇదే అడుగుతారు. అది ఒక రోజు జరిగిన పొరపాటైతే ఈ వాదన నిలిచేది. ఏళ్ల తరబడి, పలువురు సిబ్బంది చేతుల మీదుగా, ఒక పద్ధతిగా జరిగింది కాబట్టి అక్కడ పరీక్షలు జరిపిన తీరునే నమ్మలేమని ఐరోపా సంస్థ చెప్పింది. ఈసీజీ కాగితం మార్చగలిగినవాళ్లు ఉన్న చోటే రక్తం తీసిన టైమూ రాస్తారు. అది మాత్రం నిజమే రాశారని ఎవరు పూచీ ఇస్తారు? పైగా ఈసీజీ ఫైలు నింపడానికి పెట్టే కాగితం కాదు. ఈ మనిషి గుండె ఈ మందును తట్టుకుంటుందా అని చూసేది అక్కడే. ఇంకొకరి ఈసీజీ పెడితే ఆ పూట అతని గుండెను ఎవరూ చూడనట్టే. డబ్బు అవసరమై ఒంటిని అప్పగించిన మనిషికి అంతకన్నా పెద్ద అన్యాయం లేదు.

ఇక టైము దగ్గరికి వద్దాం. జనరిక్ మందు రోగాన్ని తగ్గిస్తుందని మొదటి నుంచి రుజువు చేయక్కర్లేదు. అసలు మందు రక్తంలో ఎంత చేరుతుందో, ఎంత వేగంగా చేరుతుందో, ఇదీ అలాగే చేరుతుందని చూపించాలి. అత్యధిక స్థాయి, మొత్తం చేరిన పరిమాణం, ఈ రెండిట్లోనూ జనరిక్‌కూ అసలు మందుకూ ఉన్న నిష్పత్తి 90 శాతం విశ్వాస అవధితో సహా 80 నుంచి 125 శాతం మధ్య ఇమడాలి. ఇరవై మంది వాలంటీర్లు, రెండు విడతలు, విడతకు పదిహేను సార్లు రక్తం అనుకోండి. మొత్తం ఆరు వందల ట్యూబులు. వాటిలో ఒక్కదాన్ని పట్టుకుని చూడండి. లేబుల్ మీద వాలంటీర్ పేరు ఉండదు, నంబరు ఉంటుంది. ఏ విడత, ఎన్నో శాంపిల్ అన్నది ఉంటుంది. పొద్దున ఎనిమిదికి మాత్ర వేసుకున్న మనిషికి తొమ్మిదిన్నరకు రక్తం తీయాలి. నరం దొరక్క తొమ్మిదీ నలభైకి తీశారు. నర్సు 9:40 అని రాస్తే లెక్క సరిగ్గా వస్తుంది, ఎందుకంటే గణాంక నిపుణులు అసలు టైమునే వాడతారు. ప్రోటోకాల్‌లో 9:30 ఉందని 9:30 అనే రాస్తే, మందు స్థాయి వేగంగా ఎక్కే ఆ వేళ పది నిమిషాల తేడా గ్రాఫ్‌లోకి అబద్ధంగా ఎక్కుతుంది. ఆ ట్యూబు సెంట్రిఫ్యూజ్ నుంచి ఫ్రీజర్‌కు, అక్కడి నుంచి మాస్ స్పెక్ట్రోమీటర్‌కు వెళ్లి ఒక అంకెగా తిరిగొస్తుంది. ఆ అంకెను వార్డులో రాసిన టైముతో, సరైన వాలంటీర్ నంబరు కింద కలపడమే ఈ ఉద్యోగంలో అసలు పని. ల్యాబ్ వైపు ఎంత ఖరీదైన మిషన్ ఉన్నా, వార్డు వైపు రాసిన 9:30 అబద్ధమైతే అది ఏమీ చేయలేదు.

ఒక్క విషయం ఒప్పుకోక తప్పదు. “ఐరోపా వాళ్లు మరీ అతి చేశారు” అనేవాళ్ల మాటలో కొంత నిజముంది. ఆ మందుల వల్ల ఎవరికైనా హాని జరిగిందనిగానీ, అవి పనిచేయలేదనిగానీ ఆధారాలు లేవని ఐరోపా సంస్థే చెప్పింది. తనిఖీ జరిగింది కొన్ని పరీక్షల మీద, వేటు పడింది అన్నిటి మీద. నిజాయితీగా జరిగిన పరీక్షలూ వాటిలో ఉండి ఉండొచ్చు. కానీ ఏవి నిజాయితీవో చెప్పడానికి రికార్డు తప్ప వేరే సాక్ష్యం లేదు. ఆ సాక్ష్యమే చెడినప్పుడు మంచి పరీక్షను విడిగా కాపాడటం ఎవరి తరమూ కాదు.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. “అన్నీ కంప్యూటర్‌లోకి వచ్చాయి, ఇక మోసం కుదరదు” అంటారు. కంప్యూటర్ ఎవరు, ఎప్పుడు, దేన్ని దేనిగా మార్చారో ఆడిట్ ట్రెయిల్ అనే చిట్టాలో నమోదు చేస్తుంది, అంతే. నలుగురు ఒకే పాస్‌వర్డ్ వాడితే ఆ చిట్టా కూడా ఎందుకూ పనికిరాదు. “ఏఐ వచ్చింది, డేటా మేనేజర్లు ఇక అక్కర్లేదు” అన్నది తొందరపాటు. తీయని ఈసీజీని ఏ ఏఐ తెచ్చి పెట్టలేదు.

“ఎక్సెల్ చాలు” అన్నదానికి మాత్రం రెండు ముక్కలు చెప్పాలి. 2020లో ఇంగ్లండ్‌లో ల్యాబుల నుంచి వచ్చిన కోవిడ్ ఫలితాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో పోస్తుంటే, షీటుకు 65,536 వరసల హద్దు దాటినవి రాలిపోయాయి. దాదాపు 16 వేల పాజిటివ్ కేసులు లెక్కలోకి ఆలస్యంగా చేరాయి, వాళ్లను కలిసినవాళ్లకు సకాలంలో హెచ్చరిక అందలేదు. మార్చ్1, సెప్ట్2 వంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, చివరికి 2020లో శాస్త్రవేత్తలు ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. జన్యువుల మీద పనిచేసే సీసీఎంబీ హబ్సిగూడలో, సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లో ఉండగా, ఈ చుట్టుపక్కల చదివే పిల్లలకు ఇది తెలియకపోతే ఎలా?

“ల్యాబ్ ఫలితం ఎక్కడైనా ఒకటే” అన్నదీ తప్పే. లండన్ ల్యాబ్ రాసిన షుగర్ 5.5 అంటే మన లెక్కలో 99. యూనిట్ చూడకుండా రెండు జాబితాలూ కలిపితే ఆరోగ్యంగా ఉన్న మనిషి ప్రాణాపాయంలో ఉన్నట్టు కనిపిస్తాడు.

ఆస్పత్రి సంగతి డాక్టర్లకు, ల్యాబ్ సంగతి శాస్త్రవేత్తలకు అని గిరి గీసుకునేవాళ్లు వైశ్యుల మత్తుమందు ఉదంతం గుర్తు పెట్టుకోవాలి. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించే స్కోలిన్ అనే మందు ఇస్తే వైశ్యుల్లో కొందరికి కండరాల పట్టు చాలాసేపటి దాకా తిరిగి రావడం లేదని మత్తు డాక్టర్లు ఆపరేషన్ థియేటర్‌లో గమనించారు. ఆ మందును విడగొట్టే ఎంజైము జన్యులోపం వల్ల తక్కువగా ఉండటమే కారణమని ల్యాబ్ చెప్పింది. రెండూ కలిశాయి కాబట్టే ఇవాళ ఆపరేషన్‌కు ముందు డాక్టరు మీరు వైశ్యులా అని అడిగి వేరే మందు ఎంచుకోగలుగుతున్నారు.

ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు చెప్పేది ఒకటుంది. తప్పు రాయడం నేరం కాదు. తప్పు పడితే దాని మీద ఒక్క గీత కొట్టండి, కింద పాత అంకె కనబడాలి. పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం పెట్టండి. వైట్‌నర్ జోలికి పోవద్దు. జరిగిన పని జరిగినప్పుడే రాయండి, సాయంత్రం కూర్చుని గుర్తు తెచ్చుకుని రాయొద్దు. తేదీలో నెలను అక్షరాల్లో రాయండి, ఎందుకంటే 03/04 మనకు ఏప్రిల్ మూడు, అమెరికావాళ్లకు మార్చి నాలుగు. కోర్సులో చేరే ముందు, అనుమానం వచ్చిన అంకె మీద క్వెరీ (ప్రశ్న) ఎలా వేయాలో, ల్యాబ్ ఫైలును వాలంటీర్ వివరాలు నింపే కేస్ రిపోర్ట్ ఫారంతో ఎలా సరిచూడాలో చేతితో చేయిస్తారా అని అడగండి. సాఫ్ట్‌వేర్ బటన్లు మాత్రమే చూపించేచోట ఫీజు కట్టొద్దు.

రేపు పై అధికారి “ఈ ఒక్కటి నింపేయ్, ఏమీ కాదు” అంటే, రాతపూర్వకంగా అడగమనండి. అప్పటికీ ఆగకపోతే క్వాలిటీ అష్యూరెన్స్ వాళ్లకు, ఎథిక్స్ కమిటీకి చెప్పండి. ఆ కాగితం మీద పడే సంతకం మీది, తనిఖీలో లేచి జవాబు చెప్పాల్సింది కూడా మీరే.