“పుట్ అప్” అను నాంగ్లక్రియ: నానార్థములు, పర్యాయములు

ఆంగ్లభాషలో ధాతువునకుఁ బరముగా నొక చిన్న యవ్యయము చేరి, రెండును గలసి క్రొత్తయర్థమును బోధించు పదబంధములు పెక్కులు గలవు. ఇందలి చిక్కును జాన్సను పండితుఁడే గుర్తించి, 1755వ సంవత్సరమునఁ బ్రకటించిన తన నిఘంటువు పీఠికలో, పరదేశీయులకు మిక్కిలి కష్టము గలిగించునవి యివియే యని చెప్పెను. వీనికి “ఫ్రేజల్ వెర్బ్” అను పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్తు గ్రంథమువలనఁ బ్రచారమునకు వచ్చినది. ఆ పేరు హెన్రీ బ్రాడ్లీ సూచించినదని యతఁడే తెలిపెను. తెనుఁగున “సోపసర్గక్రియ” యనిన సరిపోవును.

పాఠశాలలలో వీనిని నేర్పురీతి తఱచుగా నొక్కటియే. ఎడమప్రక్కఁ బదబంధము, కుడిప్రక్కఁ బర్యాయము, బాలుఁడు వల్లించును. “పుట్ అప్” అనఁగా “ఎరెక్ట్”, “లాడ్జ్”, “రెయిజ్” అని వల్లించిన బాలుఁడు, అతిథిని నిర్మించితిమనియు, ధరకు బస యిచ్చితిమనియు వ్రాసెనేని, దోషము బాలునిదా, పట్టికదా?

“పుట్” అనఁగాఁ బెట్టుట. “అప్” అనఁగా మీఁదికి. ఈ రెండును గలసినపు డర్థము కర్మపదము ననుసరించి మాఱుచుండును. కర్మము చేయి యైన నెత్తుట, ఇల్లైనఁ గట్టుట, ధర యైనఁ బెంచుట, ప్రకటనపత్ర మైన గోడ కంటించుట, ఎన్నికలో నభ్యర్థి యైన నిలువఁబెట్టుట, ధనమైనఁ బెట్టుబడిగా నిచ్చుట, అతిథి యైన బస యిచ్చుట. వేఁటకాఁడు పొదలోని పక్షిని “పుట్ అప్” చేసెననిన దానిని బెదరించి లేపెనని యర్థము. పండ్లను “పుట్ అప్” చేయుట యనిన సీసాలలో నిలువచేయుట. అన్నిటికంటె వింత గొడుగు, కత్తి. గొడుగును “పుట్ అప్” చేసిన విప్పినట్లు. కత్తిని జేసిన నొరలోఁ బెట్టినట్లు. ఈ రెండవ ప్రయోగము నేఁడు వాడుకలో నంతగా లేదు గాని, 1611 నాఁటి యాంగ్ల బైబిలులోఁ గానవచ్చును. ఒకే క్రియ యొకచోఁ దెఱచుటను, వేఱొకచో మూయుటను జెప్పుచున్నది.

అమరసింహుఁడు పర్యాయములను వర్గములుగాఁ గూర్చి, తృతీయకాండమున నానార్థవర్గమును వేఱుగా నిలిపెను. ఈ విభాగము పట్టికలు వ్రాయువారు మఱచుచున్నారు. “హరి” శబ్దమునకు విష్ణువు, సింహము, కోఁతి, కప్ప మొదలగు నర్థములు గలవు. అంతమాత్రమున సింహమునకుఁ గప్ప పర్యాయము గాదు. అట్లే “ఎరెక్ట్”, “లాడ్జ్” అనునవి రెండును “పుట్ అప్” అనుదానికిఁ బర్యాయములే గాని పరస్పరము పర్యాయములు గావు. శంఖచక్రములతోఁ గూడిన హరి యనిన విష్ణువే యని నిశ్చయమగునట్లు, సంసర్గాదులచే నర్థము నిర్ణయింపఁబడునని భర్తృహరి వాక్యపదీయ ద్వితీయకాండమున నిరూపించెను. “పుట్ అప్” విషయమున నా నిర్ణాయకము కర్మపదము. కావునఁ బట్టికలోఁ గ్రియ నొంటిగా వ్రాయక కర్మముతోఁ గూడ వ్రాయవలయును.

ఇంక “అప్” అనుదాని స్వభావము. ఉపసర్గములు విడిగా నర్థమును జెప్పవనియు, క్రియాగతార్థమును ద్యోతింపఁజేయుననియు శాకటాయనుని మతము. వానికిని నానార్థములు గలవని గార్గ్యుని మతము. యాస్కుఁడు నిరుక్తమున రెంటిని దెలిపెను. చేయి యెత్తుట, ధర పెంచుట యనుచోట్ల “అప్” అనునదియే యూర్ధ్వత్వమును జెప్పుచున్నది గనుక గార్గ్యుఁడు గెలుచును. అతిథికి బస యిచ్చుటలో నూర్ధ్వత్వ మేది? అచట శాకటాయనుఁడే శరణ్యుఁడు. సంస్కృతమున నుపసర్గము ధాతువునకు ముందుండవలయునని విధించిన పాణిని, ఛందస్సునఁ బరముగను, వ్యవధానముతోను నుండవచ్చునని యనుమతించెను (1.4.80–82). ఆంగ్లమున నీ వైదికరీతియే లౌకికము. కర్మము సర్వనామమైనచో వ్యవధానము నిత్యము: “పుట్ ఇట్ అప్” అనవలయునే గాని “పుట్ అప్ ఇట్” అనరాదు.

ఇట్లే యుపసర్గ కర్మప్రవచనీయ భేదమును గలదు. “ర్యాన్ అప్ ఎ హిల్” అనఁగాఁ గొండ మీఁదికిఁ బరుగెత్తెనని. “ర్యాన్ అప్ ఎ బిల్” అనఁగా బాకీ పెంచెనని. మొదటిదానియందు “అప్” నామమునకుఁ జెందినది, కర్మప్రవచనీయమువంటిది. రెండవదానియందు ధాతువునకుఁ జెందినది. పరీక్ష సులభము: బిల్లును నడుమఁ జేర్చి “ర్యాన్ ఎ బిల్ అప్” అనవచ్చును, కొండ నట్లు చేర్చరాదు. సంస్కృతమున “సు” పూజార్థమునఁ గర్మప్రవచనీయమైన “సుసిక్తమ్” అనియు, ఉపసర్గమైన షత్వము వచ్చి “సుషిక్తమ్” అనియు నగును. అచట వర్ణము, ఇచట స్థానము భేదమును దెలుపుచున్నవి.

“విత్” చేరి “పుట్ అప్ విత్” అయినచో నది వేఱు క్రియయే. దానికి “టాలరేట్”, “ఎండ్యూర్”, “బేర్” అనునవి పర్యాయములని చెప్పుదురు గాని తారతమ్యము గలదు. పొరుగింటి రొద, చప్పని కూర, బంధువుల యెత్తిపొడుపు మొదలగు వానిని విసుగుతో నోర్చుకొనుట దీని తావు. పుత్త్రశోకమునకు “ఎండ్యూర్” అనుటయే యుక్తము. తెనుఁగున “ఓర్చుకొను” సమీపము. కొన్నియెడల “సరిపెట్టుకొను” అనునదియుఁ బొసఁగును. ఇచటఁ దెనుఁగువారి “పెట్టు” ధాతువే కనఁబడుట గమనింపఁదగినది. నిలువఁబెట్టు, తాకట్టుపెట్టు, మొదలుపెట్టు, కట్టిపెట్టు అనువానిలో ముందు చేరిన పదము చేయు పని, యాంగ్లమున వెనుక చేరిన యవ్యయము చేయుచున్నది. “పుట్ అప్ టు” అనఁగా దుష్కార్యమునకుఁ బురికొల్పుట. దీనికిఁ దెనుఁగు “ఎగఁదోయు” అచ్చముగా సరిపోవును. కాని “పుట్ అప్” అనుదానిని మాటకు మాటగా “ఎగఁబెట్టు” అనినచో ధనవిషయమున విపరీతమగును. ఆంగ్లమున ధన మిచ్చుట, తెనుఁగున బాకీ చెల్లింపకుండుట!

భారతదేశమున నీ క్రియకు మఱి రెండు విశేషములు గలిగినవి. ఇంగ్లండున సత్రమునఁ గొన్నినాళ్లు దిగుటకుఁ జెప్పు “పుట్ అప్”, ఇచట స్థిరనివాసమునకును వాడఁబడుచున్నది. కార్యాలయములలో గుమాస్తా దస్త్రమును “పుట్ అప్” చేసెననిన నధికారి సముఖమున నుంచెనని యర్థము. మొదటిది యర్థవిస్తారము. రెండవదానిని దోషమనుటకు వీలులేదు: దస్త్రము క్రిందినుండి పైయధికారికిఁ బోవుచున్నది గనుక “అప్” అనునది స్వార్థమునే చెప్పుచున్నది.