సిగ్నల్ లేని చోటికి రోడ్ ట్రిప్: బ్యాడ్‌ల్యాండ్స్ వెళ్లే ముందు ఫోన్‌లో ఏమేం సెట్ చేసుకోవాలి?

పోయిన సెప్టెంబర్‌లో ముగ్గురం ఫ్రెండ్స్ కలిసి మినియాపొలిస్ నుంచి సౌత్ డకోటాలోని బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్‌కి కారులో వెళ్లాం. బయల్దేరే ముందు ఖమ్మంలో ఉన్న అమ్మకి, "నీకు తెల్లారేసరికి కాల్ చేస్తా" అని చెప్పా. అక్కడ సాయంత్రం 7 అంటే మన దగ్గర ఉదయం 6:30. లెక్క కరెక్టే. కానీ సూర్యాస్తమయం చూసి, సేజ్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లేసరికి మా మూడు ఫోన్లలోనూ సిగ్నల్ సున్నా. చీకట్లో, మట్టిరోడ్డు మీద, బైసన్లు తిరిగే చోట వెనక్కి వెళ్లే ధైర్యం మాకు లేదు. మర్నాడు పొద్దున 8కి వాల్ అనే ఊరు చేరాకే ఫోన్ మోగింది. అప్పటికి ఖమ్మంలో రాత్రి 7:30.

"పొద్దుటినుంచి చేస్తానే ఉన్నా. ఎక్కడున్నావురా?" అని అమ్మ ఏడ్చేసింది. పాపం, అప్పటికే మా రూమ్మేట్ వాళ్ల అన్నయ్యకి కూడా ఫోన్ చేసి కనుక్కుందట.

మా ముగ్గురి దగ్గరా మంచి ఫోన్లే ఉన్నాయి. లేనిది ప్లానే. నెట్ లేకపోయినా ఫోన్ చాలా పనులు చేస్తుంది, కాకపోతే వాటిని నెట్ ఉన్నప్పుడే రెడీ చేసుకోవాలి. ఈ ఆర్టికల్ అంతా దాని గురించే.

ముందు రూట్, టైమ్

మినియాపొలిస్ నుంచి పార్క్ 500 మైళ్లకి పైనే. ఆగకుండా వెళ్తే 8 గంటలు, మధ్యలో తిండి, పెట్రోల్ కలిపితే 10 అనుకోండి. ఐ-90 హైవే మీద ఎగ్జిట్ 131 తీసుకుంటే నార్త్ ఈస్ట్ ఎంట్రన్స్, ఎగ్జిట్ 110 దగ్గర వాల్ నుంచి వెళ్తే పినకిల్స్ ఎంట్రన్స్. ఈ రెంటినీ కలిపేది హైవే 240, అంటే బ్యాడ్‌ల్యాండ్స్ లూప్ రోడ్. వ్యూ పాయింట్లు ఎక్కువగా దీని మీదే ఉంటాయి. తూర్పు నుంచి వచ్చేవాళ్లు 131 దగ్గర దిగి 110 దగ్గర మళ్లీ హైవే ఎక్కితే వెనక్కి తిరిగే పని ఉండదు.

మర్డో ఊరు దాటాక టైమ్ జోన్ మారి గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది. ఫోన్ ఆటోమేటిక్‌గా మార్చుకుంటుంది కానీ కారు గడియారం మారకపోవచ్చు. సూర్యోదయానికి అలారం పెట్టేటప్పుడు ఫోన్ టైమే చూడండి.

మ్యాప్స్: బయల్దేరే ముందు రోజే డౌన్‌లోడ్

సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. జీపీఎస్ నేరుగా శాటిలైట్ల నుంచి వస్తుంది. నెట్ లేకపోతే మొదటిసారి లొకేషన్ పట్టడానికి కొంచెం ఎక్కువ టైమ్ పడుతుంది, అంతే. అసలు సమస్య ఏంటంటే, నీలం చుక్క కనిపిస్తుంది కానీ దాని కింద మ్యాప్ ఉండదు.

గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లి, ర్యాపిడ్ సిటీ నుంచి కడోకా దాకా ఒక పెద్ద బాక్స్ సెలెక్ట్ చేసి డౌన్‌లోడ్ చేయండి. ఆఫ్‌లైన్‌లో కారు రూట్ మాత్రమే చూపిస్తుంది, నడక దారులు చూపించదు. అందుకే నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ల యాప్ కూడా వేసుకుని, అందులో బ్యాడ్‌ల్యాండ్స్‌ని ఆఫ్‌లైన్‌కి సేవ్ చేసుకోండి.

ఈ పార్క్‌లో ట్రయిల్ వదిలి ఎటైనా నడవచ్చు, అనుమతి ఉంది. వినడానికి సరదాగా ఉంటుంది కానీ పది నిమిషాలు నడిచాక అన్ని మట్టిదిబ్బలూ ఒకేలా కనిపిస్తాయి. కారు ఆపిన చోట పిన్ పెట్టకుండా అడుగు వేయొద్దు.

శాటిలైట్ ఫీచర్: ఇంట్లోనే ప్రాక్టీస్ చేయండి

ఐఫోన్ 14, ఆ తర్వాత మోడల్స్‌లో అమెరికాలో శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపొచ్చు. ఐఓఎస్ 18 నుంచి మామూలు మెసేజ్‌లు కూడా వెళ్తాయి. పిక్సెల్ 9 సిరీస్‌లో (9ఏ తప్ప) శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది. కానీ ఇవేవీ వాట్సాప్ కాల్‌లాగా పనిచేయవు. పైన ఆకాశం ఖాళీగా కనిపించాలి, ఫోన్‌ని శాటిలైట్ వైపు తిప్పి పట్టుకోవాలి, మెసేజ్ వెళ్లేదాకా ఓపిక పట్టాలి. రెండు దిబ్బల మధ్య ఇరుకు సందులో కష్టం. ఐఫోన్‌లో దీనికి డెమో ఉంది, అపార్ట్‌మెంట్ బయట నిలబడి ఒకసారి చేసి చూడండి. మా ముగ్గురిలో ఒకడి దగ్గర ఐఫోన్ 15 ఉంది. ఆ రాత్రి వాడికీ ఈ ఫీచర్ గుర్తే రాలేదు.

బ్యాటరీ, వేడి

సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది. ఊరికే జేబులో ఉన్నా బ్యాటరీ తాగేస్తుంది. పార్క్‌లోకి రాగానే ఏరోప్లేన్ మోడ్ పెట్టేయండి, జీపీఎస్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది.

రెండోది ఎండ. వేసవిలో ఇక్కడ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. అంటే దాదాపు 38 సెల్సియస్. ఐఫోన్ వాడటానికి ఆపిల్ చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 35 సెల్సియస్. మేం డ్యాష్‌బోర్డ్ మీద ఎండలో వైర్‌లెస్ చార్జింగ్ పెట్టి, నావిగేషన్ ఆన్ చేశాం. స్క్రీన్ మసకబారి, చార్జింగ్ ఆగిపోయింది. ఫోన్‌ని ఏసీ వెంట్ దగ్గర మౌంట్‌లో పెట్టి, కేబుల్‌తో చార్జ్ చేయండి. క్యాంపింగ్ ఉంటే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ తప్పనిసరి. ట్రయిల్స్ మీద నీళ్లు దొరకవు, సేజ్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌లోనూ ఉండవు. పవర్ బ్యాంక్ కంటే ముందు వాటర్ క్యాన్ కారెక్కాలి.

కెమెరాతో ఏం తీయాలి?

మధ్యాహ్నం తీస్తే దిబ్బలన్నీ తెల్లగా, చప్పగా వస్తాయి. సూర్యోదయం, సూర్యాస్తమయం టైమ్‌లో నీడలు పడి ఎరుపు, బూడిద రంగు చారలు విడివిడిగా తేలతాయి. ఒక్కో చార ఒక్కో కాలంలో పేరుకున్న మట్టి. అడుగున ఉన్న నల్లటి పొర ఒకప్పటి సముద్రం అడుగు. ఈ దిబ్బలు ఏడాదికి దాదాపు ఒక అంగుళం చొప్పున కరిగిపోతున్నాయి. పసుపు రంగు కావాలంటే ఎల్లో మౌండ్స్ దగ్గర ఆగండి. రాత్రి పాలపుంత కోసం నైట్ మోడ్‌తో పాటు చిన్న ట్రైపాడ్ ఉండాలి.

కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉంచండి. ఇక్కడ శిలాజాలు బయటపడుతూనే ఉంటాయి. 2010లో ఏడేళ్ల అమ్మాయి ఒకరు విజిటర్ సెంటర్ దగ్గరే పిల్లిని పోలిన కత్తిపళ్ల జంతువు పుర్రెని కనిపెట్టింది. మీకేమైనా కనిపిస్తే ముట్టుకోకుండా ఫొటో తీసి, లొకేషన్‌తో సహా రేంజర్లకి చూపించండి. తీసుకెళ్లడం నేరం. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, నేషనల్ పార్కుల్లో నిషేధం. బైసన్‌కి కనీసం 100 గజాల దూరం ఉంచండి, జూమ్ ఉన్నది అందుకే.

ఒకటిన్నర రోజు ప్లాన్

మొదటి రోజు మధ్యాహ్నం ఎగ్జిట్ 131 దగ్గరున్న మినిట్‌మ్యాన్ మిసైల్ విజిటర్ సెంటర్ చూడండి. కోల్డ్ వార్ కాలపు అణు క్షిపణుల కథ అది, టెక్ పిచ్చి ఉన్నవాళ్లకి పండగే. తర్వాత డోర్, విండో ట్రయిల్స్. నాచ్ ట్రయిల్‌లో దుంగల నిచ్చెన ఎక్కాలి, ఎత్తంటే భయమైతే వదిలేయండి. సాయంత్రం పినకిల్స్ ఓవర్‌లుక్. మర్నాడు పొద్దున సేజ్ క్రీక్ రిమ్ రోడ్డులో బైసన్లు, ప్రెయిరీ డాగ్స్. వాన పడితే ఆ మట్టిరోడ్డు జోలికి పోవద్దు, బంకమట్టిలో చక్రాలు ఇరుక్కుంటాయి. చివర్లో వాల్ డ్రగ్‌లో 5 సెంట్ల కాఫీ.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది

ఇంట్లోవాళ్లకి "చేరగానే కాల్ చేస్తా" అని చెప్పొద్దు. "శనివారం మీ సాయంత్రం 8 వరకు నా ఫోన్ కలవదు, కంగారు పడకండి" అని చెప్పండి. ఎక్కడ పడుకుంటారో, కారు నంబర్ ఏంటో, ఎన్నింటికి సిగ్నల్‌లోకి వస్తారో ఒక మెసేజ్‌లో రాసి, అమెరికాలోనే ఉన్న ఒక ఫ్రెండ్‌కీ పంపండి. శాటిలైట్ మెసేజ్ పంపాల్సి వస్తే వాడికే పంపండి, వాడు ఇంటికి ఫోన్ చేసి చెప్తాడు.

ఈ మెసేజ్ టైప్ చేయడానికి రెండు నిమిషాలు పడుతుంది. నేను ఆ రెండు నిమిషాలు పెట్టనందుకు అమ్మ ఒక రోజంతా అన్నం తినలేదు.