మీకు తెలుసా? భీమవరం మందు నుంచి ఇమ్యునోథెరపీ దాకా

● భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆయన బృందం అందించిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ తొలితరం కేన్సర్ మందులు.

● మెథోట్రెక్సేట్ కణాల విభజనను అడ్డుకుంటుంది. తక్కువ మోతాదులో రోగనిరోధక శక్తి దూకుడును తగ్గిస్తుంది. అందుకే కీళ్లవాతానికీ వాడతారు.

● ఒళ్లంతా పాకిన మెలనోమా అనే చర్మ కేన్సర్‌కు వైద్యులు పట్టిన దారి దీనికి తలకిందులు: రోగనిరోధక శక్తిని ఉసిగొల్పడం (ఇమ్యునోథెరపీ). 1970లలో క్షయ టీకా బీసీజీని నేరుగా చర్మం మీది మెలనోమా గడ్డల్లోకి ఎక్కించారు. సూది పడిన గడ్డలు చాలావరకు కరిగాయి. లోపలి అవయవాలకు పాకినవి అంతగా లొంగలేదు.

● మన రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణాలకు బ్రేకులుంటాయి. వాటిని నొక్కిపట్టి కేన్సర్ తప్పించుకుంటుంది. అలాంటి ఒక బ్రేకును వదిలించే ఇపిలిముమాబ్ అనే మందుకు 2011లో అమెరికా అనుమతి లభించింది. ఈ మార్గం చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ దక్కింది.

● ఇదే కోవకు చెందిన టోరిపాలిమాబ్‌ను చైనా 2018లో మెలనోమాకు అనుమతించింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2024లో దాన్ని భారత్‌లో విడుదల చేసింది. అయితే ఇక్కడ అది ముక్కు వెనుక భాగంలో వచ్చే కేన్సర్‌కు.

● మనవాళ్లలో మెలనోమా అరుదు. వస్తే తరచూ అరికాళ్లలో, గోళ్ల కింద కనిపిస్తుంది. అక్కడి నల్లమచ్చ పెరుగుతున్నా, రంగు మారుతున్నా, పుండు పడినా వెంటనే చర్మవైద్యుడికి చూపించండి.